పంపుహౌసు గుమ్మం మీద ఎర్ర బల్బు

మా మరదలు పుట్టగానే ఏడవలేదనీ, స్టేషను దొరకని రేడియోలా గరగరలాడిందనీ, మంత్రసాని చెవి పట్టుకుని కాస్త మెలితిప్పాక గాని స్పష్టంగా ఏడవలేదనీ నేను చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. అదంతా కల్పన. నేనామెను మొదటిసారి సరిగ్గా చూసింది నా పెళ్ళయిన వారానికి. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. ఆగిపోయిన గడియారాన్ని నేల మీద విప్పేసి, చిన్న మరలు ఒక చోట, పెద్ద మరలు ఒక చోట పేర్చుకుని కూర్చుని ఉంది.

"మళ్ళీ బిగించడం వచ్చా?" అన్నాను.

"విప్పడం రానివాళ్ళే ఆ మాట అడుగుతారు బావా" అంది తల ఎత్తకుండా.

అప్పటినుంచి ఆమె దగ్గర నా నోరు ఎప్పుడూ నెగ్గలేదు.

పెద్దయ్యాక గని క్వార్టర్ల చివర, ఒకే గదిలో రిపేరు కొట్టు పెట్టింది. కిటికీకి అడ్డంగా ఒక చెక్క పలక, దాని మీద మిక్సీలు, టార్చీలు, ఫ్యాన్లు, ఫోన్లు. ఒకసారి ఎవరో విరిగిన కట్టుడు పళ్ళు కూడా తెచ్చారు, అవీ అతికించి పంపింది. వేళ్ళ నిండా టంకం కాలిన మచ్చలు. పిల్లలు టంకం పిన్ని అనేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ పిల్లల తాతలు కూడా టంకం పిన్ని అనడం మొదలుపెట్టారు.

ఆమె మొగుడు, అంటే మా తోడల్లుడు, గనిలో పంపు ఆపరేటరు. గుమ్మంలో నిలబడితే గదిలో వెలుతురు తగ్గేంత మనిషి. రోజంతా పంపుల మోతలో ఉండి ఇంటికొచ్చినా గట్టిగానే మాట్లాడేవాడు. అది తనకే మొహమాటంగా ఉండి తక్కువ మాట్లాడేవాడు. ఆయన నిద్రపోతే పక్కింటివాళ్ళొచ్చి మోటారు ఆపమని తలుపు కొట్టేవారని నేననేదాన్ని మాత్రం మీరు సగం నమ్మొచ్చు.

ఆ గని సంగతి కాస్త చెప్పాలి. ఖనిజాన్ని కడిగిన బురదనీళ్ళన్నీ కొండ మీద ఒక మట్టికట్ట వెనక నిలవ ఉంటాయి. కట్ట దగ్గర ఒక గుడిసె, అందులో ఒక కాపలాదారు. కట్టకు సూటిగా కింద, రెండు కొండల మడతలో పంపుహౌసు. గనిలో ఊరే నీళ్ళని తోడిపోసే పంపులు అక్కడే ఉంటాయి. వాన ఎంత పెద్దదైతే పంపులు అంత ఆగకుండా నడవాలి. అంటే కట్టకి ప్రమాదం వచ్చే రోజునే కట్ట కింద మనిషి తప్పకుండా ఉండాలి.

ఒక ఏడాది వానల్లో కట్ట ఒక మూల జారింది. ఆ మడతలో ఫోను పలకదు. కంపెనీ వేసిన టెలిఫోను తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగింది. సైరను మోటారు మరమ్మతుకని పట్నం వెళ్ళి అక్కడే స్థిరపడింది. కాపలాదారు కొండ దిగి పరుగెత్తుకొచ్చి తలుపు బాదేసరికి పంపుహౌసులో నీళ్ళు మోకాళ్ళు దాటాయి. అదృష్టం, ఆసారి కొద్ది బురదే జారింది. తోడల్లుడు ఛాతీదాకా బురదతో ఇంటికొచ్చాడు.

"చూడన్నయ్యా, మట్టిబొమ్మనైపోయాను. ఎండలో పెడితే అమ్ముకోవచ్చు" అన్నాడు నాతో.

నేను నవ్వాను. మా ఆవిడా నవ్వింది. మరదలు ఆయన కాళ్ళ మీద చెంబుతో నీళ్ళు పోస్తూ, "కాపలాదారు దిగడానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగింది.

"ముప్పావుగంట అన్నాడు."

"బురద దిగడానికి?"

"ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది."

"ఆ పని మానెయ్యరాదూ?"

"నేను మానేస్తే అక్కడ ఇంకొకడు కూర్చుంటాడు. వాడికీ పెళ్ళాం ఉంటుంది" అన్నాడు.

ఆ ఇరవై నిమిషాల్లోపు ఆయనకి కబురు చేరాలి. అప్పటినుంచి ఆమె మనసులో ఉన్నది అదొక్కటే. కొట్టుకొచ్చిన మిక్సీలు వారాల తరబడి పలక మీదే పడుండేవి.

నెల తిరగకుండా పోస్టులో అయిదు సర్క్యూటు బోర్డులు తెప్పించింది. ఒక్కోటి రెండు వేళ్ళంత ఉంది. వాటితోపాటు తొమ్మిది ఇంగ్లీషు కాగితాలు. నన్ను చిన్నప్పుడు కాన్వెంటులో వేశారు. సిస్టర్లు స్కేలుతో వేళ్ళ మీద కొట్టి నేర్పిన ఇంగ్లీషు, ఇప్పటికీ ఆ అక్షరాలు చూస్తే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. చదివి చెప్పడం నా వంతయింది.

చదివితే తెలిసింది ఇదీ. ఈ డబ్బాలకి టవరు అక్కర్లేదు, ఇంటర్నెట్టు అక్కర్లేదు. ఒక డబ్బా రేడియోలో చిన్న కబురు చెబుతుంది. దూరంగా ఉన్న ఇంకో డబ్బా దాన్ని విని, తిరిగి చెబుతుంది. అది ఆ పక్కది వింటుంది. అలా వల అల్లినట్టు. ఎన్ని డబ్బాలుంటే కబురుకి అన్ని దారులు.

"మీ అక్కా పక్కింటావిడా చేసేది ఇదే కదా. దీనికి బోర్డెందుకు?" అన్నాను.

"ఇది మధ్యలో ఏమీ కలపదు బావా. నీ చేతిలో పెడితే కలుపుతావు" అంది.

ఎనిమిది కాగితాలు చదివాక, తొమ్మిదోదాంట్లో తయారుచేసినవాళ్ళు సొంత డబ్బా కొట్టుకున్నారనుకుని చదవకుండా మడిచేశాను. అందులో ఉన్నది ఒకటే హెచ్చరిక: ఆంటెనా తగిలించకుండా కరెంటు ఇవ్వొద్దు. ఆమె మొదటి బోర్డుకి ఆంటెనా లేకుండానే బ్యాటరీ పెట్టింది. పొగ రాలేదు, చప్పుడు రాలేదు. దాని దీపం వెలుగుతూనే ఉంది, కాని అది పంపేది ఎవరికీ వినబడలేదు.

"చివరి కాగితం కూడా చదవాలి బావా" అంది. అంతే అంది.

నాలుగు బోర్డులు మిగిలాయి. పాడైన ల్యాప్‌టాపుల నుంచి తీసిన బ్యాటరీలు, మూతకి రబ్బరు పట్టీ ఉన్న టిఫిను డబ్బాలు, అరచేయంత సోలారు పలకలు. ఒక డబ్బా కట్ట మీది గుడిసెలో, ఒకటి పంపుహౌసులో, ఒకటి ఆమె కొట్టులో. నాలుగోది గుట్ట మీద. కట్టా పంపుహౌసూ కొట్టూ మూడూ కనబడేది ఆ గుట్ట మీదినుంచే, కాబట్టి కబురు ఎటు పోవాలన్నా అక్కడినుంచే పోవాలి. ఎదురుకొండ మీద రెండో దారిగా ఇంకో డబ్బా పెట్టాలనుకుంది. ఆ బోర్డు కాస్తా నా మడత కింద పోయింది. ఇంకోటి పంపమని రాసింది, అది ఎక్కడో దారిలో ఉంది.

వాడడం తేలిక. బొత్తాం ఒకసారి నొక్కితే 'బాగుంది'. అయిదు లెక్కపెట్టేదాకా నొక్కి ఉంచితే 'నీళ్ళు'. పంపుల మోతలో ఏదీ వినబడదు కాబట్టి పంపుహౌసు గుమ్మం మీద లోపలివైపు పెద్ద ఎర్ర బల్బు బిగించింది. నీళ్ళు అనే కబురొస్తే అది వెలుగుతుంది, కొట్టులో బజరు మోగుతుంది.

గుట్ట మీద రాతిగదిలో ఒక్కతే ఉండేది మేకల అవ్వ. డబ్బా ఆమె చూరుకి ఉన్న కొక్కేనికి తగిలించాం. సోలారు పలక పైన పెట్టడానికి మరదలు కప్పెక్కింది. నేనూ అవ్వా కింద.

"ఇదేం తింటుంది?" అంది అవ్వ.

"ఎండ మేస్తుంది. పాలు మాత్రం అడక్కు."

"ఎవరైనా ఎత్తుకుపోతే నాది పూచీ కాదు నాయనా."

ఆ మాటకి నేను తల ఊపి ఊరుకోవలసింది. కాని ఎదురుగా వినే మనిషి దొరికితే నాకు చేయి దురద పుట్టినట్టు నోరు దురద పుడుతుంది. లోపల బంగారపు తీగ ఉందన్నాను. అవతలి లోయలో ఇలాంటి డబ్బా కోసమే ఇద్దరు దొంగలు రెయిన్‌కోట్లు వేసుకుని, చేతిలో కాగితాలు పట్టుకుని, ఆఫీసర్లలా వచ్చారన్నాను. తాగడానికి నీళ్ళడిగి, అవి తెచ్చేలోపు డబ్బా మాయం చేశారన్నాను.

"మేకల్ని ఏం చెయ్యలేదు కదా?"

"ముందు మేకల్నే తోలుకుపోయారు."

అవ్వ నవ్వలేదు. డబ్బాని చూసింది, దొడ్లో మేకల్ని చూసింది. మరదలు కప్పు దిగుతూ, "ఏం చెబుతున్నావు బావా?" అంది.

"జాగ్రత్తగా చూసుకోమంటున్నా."

ఆ రోజే పరీక్షించాం. మరదలు గుట్ట మీద నిలబడి బొత్తాం నొక్కి పట్టింది. కాసేపటికి పంపుహౌసు తలుపు తెరుచుకుంది. తోడల్లుడు బయటికొచ్చి, చొక్కా విప్పి తల మీద గిరగిరా తిప్పాడు. అంత మనిషీ అక్కడినుంచి బియ్యపు గింజంత కనబడ్డాడు. "మా ఆయన ఇంత చిన్నగా ఎప్పుడూ లేడు" అంది మరదలు. ఆమె అలా నవ్వడం చూసి చాలా కాలమైంది.

రెండు నెలలు ఏ లోటూ రాలేదు. రోజూ ఉదయం ఏడింటికి కాపలాదారు ఒకసారి నొక్కేవాడు. కింద నుంచి తోడల్లుడు నొక్కేవాడు. కొట్టులో డబ్బా రెండుసార్లు టిక్కుమనేది. అప్పుడు గాని ఆమె టీ తాగేది కాదు.

ఆ రోజు కూడా ఏడింటికి రెండు టిక్కులూ వచ్చాయి. మూడు రోజులుగా వాన. కట్టని చూసి రమ్మని కంపెనీ ఇద్దరు ఇంజనీర్లని పంపింది. వాళ్ళు మధ్యాహ్నం గుట్ట దారిన ఎక్కారు. ఇద్దరికీ రెయిన్‌కోట్లు. ఇద్దరి చేతుల్లో ప్లాస్టిక్కు సంచిలో కాగితాలు.

అవ్వ వాళ్ళని మలుపు దగ్గరే చూసింది. చూరు నుంచి డబ్బా దించి, పాత దుప్పట్లో చుట్టి, ఇనపపెట్టెలో అడుగున పెట్టి, మూత వేసి దాని మీద కూర్చుంది. వాళ్ళొచ్చి తాగడానికి నీళ్ళడిగారు. లేవకుండానే కుండ చూపించింది. వాళ్ళు ముంచుకు తాగి పైకి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు ఇదే దారిన తిరిగి రావాలి కదా అని అవ్వ పెట్టె మీదినుంచి దిగలేదు.

ఇనపపెట్టెలో పెట్టి మూతేసిన రేడియో రాయితో సమానం.

రెండు గంటలకి నీళ్ళు కట్ట లోపల ప్రమాదానికి గుర్తుగా గీసిన తెల్లగీత దాటాయి. కాపలాదారు బొత్తాం నొక్కి పట్టాడు. కబురు అందితే డబ్బా మీది బుల్లి తెర మీద చిన్న గుర్తు పడుతుంది. అది పడలేదు. మళ్ళీ నొక్కాడు. ఏడుసార్లు నొక్కాడు. అతని కళ్ళ ముందే కట్ట అంచు మెత్తగా, నానిన రొట్టెలా, ఒక పక్కకి ఒరిగింది. ఇంజనీర్లని అక్కడే వదిలి అతను గుట్ట దారిన పరుగెత్తాడు. అవ్వ గది చేరేసరికి పాతిక నిమిషాలు. చూరు కింద కొక్కెం ఖాళీగా ఉంది.

"డబ్బా ఏదవ్వా?"

"భద్రంగా ఉందిలే" అంది అవ్వ.

అతను అవ్వని పక్కకి లాగేసి, పెట్టె తెరిచి, డబ్బాని వానలోకి తెచ్చి బొత్తాం నొక్కి పట్టాడు. అయిదు లెక్కపెట్టాడు. గుర్తు పడింది.

కొట్టులో మరదలు ఒక ఫ్యాను విప్పుతోంది. పొద్దున ఆ రెండు టిక్కుల తర్వాత డబ్బా నోరెత్తలేదు. నోరెత్తలేదు కాబట్టి అంతా బాగుందనుకుంది. అది మోగగానే లేచి, చెప్పుల్లేకుండా వానలో పడింది.

పంపుహౌసులో ఆ రోజు తోడల్లుడితో పాటు ఒక ఫిట్టరు ఉన్నాడు. బల్బు వెలగగానే ఇద్దరూ తలుపు దగ్గరికి పరుగెత్తారనీ, తలుపు బయటికి తెరుచుకునేదనీ, అప్పటికే అవతల బురద నడుమెత్తు చేరిందనీ ఫిట్టరే చెప్పాడు. ఇద్దరూ భుజాలు పెట్టి తోశారు. కదల్లేదు. కప్పు కింద గాలి కోసం ఒక కంత ఉంది. తోడల్లుడు ఫిట్టరుని పాపాయిని ఎత్తినట్టు ఎత్తి అందులోంచి బయటికి తోశాడు. ఫిట్టరు కప్పు మీద బోర్లా పడుకుని లోపలికి చేయి అందించాడు. తోడల్లుడు తల పెట్టి చూశాడు, ఒక భుజం పెట్టి చూశాడు. ఆయన పట్టే కంత కాదది.

"ఇక నువ్వు పోరా" అన్నాడట. ఆ మోతలో ఆయన గొంతు ఒక్కటే వినబడేది.

మూడో రోజు గాని ఆయన్ని బయటికి తియ్యలేకపోయారు. ఆ మూడు రోజులూ మరదలు ఆ బురద గట్టు మీదే నిలబడింది. తీశాక బురద కడగడానికి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తనే కడిగింది.

నాలుగో రోజు మేకల అవ్వ కొండ దిగొచ్చింది. గది నిండా జనం ఉన్నారు. అవ్వ గుమ్మం దగ్గరే కూర్చుంది.

"నేను పాడు చెయ్యలేదమ్మా" అంది మరదలితో. "దాచాను. లోపల బంగారపు తీగ ఉంది, రెయిన్‌కోట్లేసుకుని దొంగలొస్తారు అని మీ బావ చెప్పాడు. వచ్చారు. దాచాను."

మా ఆవిడ నావైపు చూసింది.

"నిజమేనా బావా?" అంది మరదలు.

"నిజమే."

"ఎందుకు చెప్పావు?"

"అవ్వ నవ్వుతుందని."

"నవ్విందా?"

"లేదు."

ఆమె కాసేపు తన వేళ్ళ మీది మచ్చలు చూసుకుంది. నన్ను తిడుతుందని కాచుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "నాదీ తప్పే" అంది, ఎవరితోనో తెలియనట్టు. "అది పలకకపోతే అంతా బాగుందనుకున్నాను. పలకలేకపోతే కూడా అలాగే ఉంటుంది కదా. ఆ ముక్క నాకు తట్టాల్సింది." తర్వాత అవ్వవైపు తిరిగి, "నడిచొచ్చావు, కాసేపు పడుకో అవ్వా" అంది. నాతో ఇంకేమీ అనలేదు. ఆ తర్వాత కూడా అవసరానికి మించి అనలేదు. అన్నప్పుడు మీరు అంటోంది.

కంపెనీ పంపుహౌసుని మళ్ళీ అదే చోట కట్టింది. కట్టకి ఇంకొంత మట్టి పోసింది. నీళ్ళు అక్కడే ఊరతాయి మరి, ఇంకెక్కడ కడతాం అన్నారు. అందులోకి ఆరుగురు కొత్త మనుషులు వచ్చారు. ఆమె వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎవరికి పెళ్ళయింది, ఎవరికి పిల్లలు, అన్నీ కనుక్కుని వచ్చింది. కొట్టుకి తాళం వేసి మళ్ళీ బోర్డులు తెప్పించింది.

ఈసారి తొమ్మిది డబ్బాలు. అన్నీ బండలకి బోల్టులు దించి బిగించింది, ఎవరూ దించలేకుండా. బోల్టుల సంచి మొయ్యడానికి నేను వెళ్ళాను. వద్దనలేదు. కాగితాలన్నీ చివరి అక్షరందాకా చదివి వినిపించాను. ఒక్క ముక్క కలపలేదు. ఎదురుకొండ మీద ఒకటి కాదు, రెండు పెట్టింది. మరదలు అవ్వ గదిలో కూర్చుని, డబ్బా సంగతంతా అవ్వకి మళ్ళీ మొదటినుంచి తనే చెప్పింది. నేను బయట మేకల దగ్గర నిలబడ్డాను.

అన్నిటికంటే పెద్ద మార్పు బల్బులో. ఇప్పుడు కట్ట మీది డబ్బా రెండు నిమిషాలకోసారి ఉన్నానని చెబుతూనే ఉంటుంది. ఆ మాట పంపుహౌసుకి వినబడినంతసేపే బల్బు ఆరి ఉంటుంది. బ్యాటరీ నీరసించినా, ఆంటెనా మీద పక్షి వాలి విరిచినా, ఏ కారణం చేతనైనా ఆ మాట ఆగిందంటే బల్బు తనంతట తానే వెలుగుతుంది. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. దాంతో వానాకాలంలో అది వారానికి రెండు మూడుసార్లు ఊరికే వెలుగుతోంది. ఊరికే వెలిగిన ప్రతిసారీ మనుషులు పంపులు వదిలి గట్టెక్కాలి. ఫోర్‌మన్‌కి ఇది నచ్చలేదు. బల్బు తీసేయమన్నాడు. ఆమె అతన్ని పంపుహౌసు లోపలికి తీసుకెళ్ళి, కప్పు కింద మళ్ళీ పాత కొలతతోనే పెట్టిన కంత చూపించింది. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొన్న వానలో నేనూ అక్కడే ఉన్నాను. గట్టు మీది డబ్బాకి కొత్త బ్యాటరీ వేస్తుంటే ఆమెకి గొడుగు పట్టాను. మిట్టమధ్యాహ్నం. కింద తలుపు తెరుచుకుంది, లోపలంతా ఎర్రగా కనబడింది. మనుషులు ఒక్కొక్కరే గట్టెక్కి వచ్చారు.

"పిన్నీ, ఈ వారంలో ఇది నాలుగోసారి" అన్నాడు కొత్త ఆపరేటరు, చొక్కా పిండుకుంటూ. "ఊరికే వెలుగుతోంది."

"ఊరికే వెలిగితే ఊరికే పైకి రండి."

"జలుబుతో చచ్చేలా ఉన్నాం."

"మందిస్తాను." ఆమె వాళ్ళని లెక్కపెడుతోంది. "అయిదుగురే ఉన్నారు. ఆరోవాడేడి?"

వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "లోపలే ఉన్నాడు పిన్నీ. ఉత్తదేలే, మీరు పోయి రండి, నేను టీ పెడతానన్నాడు."

ఆమె చేతిలోని బ్యాటరీ నా చేతిలో పెట్టి, గట్టు దిగడం మొదలుపెట్టింది. నేను వెనకాల రాబోతే, "మీరు రాకండి" అంది. బురదలో రెండుసార్లు జారింది, లేచింది. తలుపులోకి వెళ్ళింది. పంపుల మోతకి లోపల ఏమన్నదో మాకు వినబడలేదు. కట్ట వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూస్తూ నిలబడ్డాం.

కాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని ఉంది. అతని చేతిలో ఇంకా టీ గ్లాసుంది. మమ్మల్ని చూసి సిగ్గుపడి నవ్వబోయాడు. పక్కకి తిరిగి ఆమె ముఖం చూసి, ఆపుకున్నాడు.